పొడుగుపిల్ల కోసం తాంబూలం

తమిళనాట మా కోవిల్‌పట్టిలో ఎండాకాలం వచ్చిందంటే కాలేజీ గోడ పక్కన టీకొట్టులో ఒకటే చర్చ. ఈ ఏడు ఏ కాలేజీలో ఏ పిల్ల డిగ్రీ ముగిస్తోంది, ఆ పిల్లను మన కాలేజీలో పీజీకి చేర్పించి మన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులోకి లాగడం ఎలా అని. చర్చించేది ముగ్గురం: నేను, మగ్గం నేసే మా మేనమామ, బస్సు కండక్టరుగా రిటైరైన మా వీధి తాత. ముగ్గురిలో ఒక్కడూ జన్మలో బంతి పట్టినవాడు కాదు. అందుకే మా సలహాలకు అడ్డూ ఆపూ ఉండేది కాదు.

నాకీ పిచ్చి పట్టించింది మా చెల్లి. అది ఆ జట్టులోనే ఆడుతుంది. జట్టు ఏటా మొదటి మ్యాచ్‌లోనే ఓడి ఇంటికొస్తుంది. ఉన్న ఒక్క పొడుగుపిల్లా చదువు ముగించి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళంతా మా చెల్లి ఎత్తే, అంటే నా ఎత్తే. మా వంశంలో నేల నుంచి పెద్దగా పైకి లేచినవాళ్ళు లేరు. వచ్చే ఏడాదితో చెల్లి పీజీ అయిపోతుంది. ఈలోగా ఒక్క మ్యాచ్ అయినా గెలవాలని దాని ఆశ. బయటికి చెప్పదు, ఓడిన రోజు అన్నం ముట్టకుండా పడుకుంటుంది, అంతే. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ మంటంతా మర్నాడు వేరే జట్ల మ్యాచ్‌లో ఎవరో ఒక రెఫరీ మీద తీర్చుకునేవాణ్ణి.

ఆ ఏడు మా చర్చ ముదిరి పాకాన పడింది. ఎట్టయాపురం వైపు పిల్ల ఒకతె దూరం నుంచి గురి తప్పకుండా వేస్తుందని మామ అన్నాడు. వేస్తుంది గానీ పరుగెత్తదని తాత కొట్టిపారేశాడు. తిరుత్తంగల్ పిల్ల బాగా ఆడుతుంది గానీ అప్పుడే ప్రెస్సులో పనికి కుదురుకుంది. ఆఖరికి ముగ్గురం ఒక పిల్ల మీద నిలిచాం. విరుదునగర్‌లో డిగ్రీ ముగిస్తున్న పిల్ల. బస్సులో నిలబడితే తల పైకమ్మికి తగులుతుందని తాత సాక్ష్యం చెప్పాడు. మనిషి ఎత్తును ఆయన బస్సుతో తప్ప దేనితోనూ కొలవడు.

తానే ఫోన్ చేసి అడుగుతానని చెల్లి అంది. దానికి ఆ పిల్ల నంబరు తెలుసు. తాతకు రోషం వచ్చింది.

"ఇంటిపిల్లను ఫోన్‌లో అడుగుతారా ఎవరైనా? పోయి పెద్దోళ్ళను అడగాల. మర్యాదగా అడగాల."

మర్యాద అంటే తాత లెక్కలో పళ్ళెం. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, మా ఊరి పల్లీమిఠాయి. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. పళ్ళెం బోసిగా ఉందని మామ రెండు మూరల మల్లెపూలు చుట్టి పెట్టాడు. ఊరికే పూలేమిటని తాత కుంకం పొట్లం కూడా చేర్చాడు. చెల్లికి పరీక్ష ఉంది కాబట్టి మాతో రాలేదు. వచ్చి ఉంటే ఆ పళ్ళాన్ని మా నెత్తినే బోర్లించి ఉండేది. నేను కొత్త చొక్కా వేసుకున్నాను. బుద్ధి లేక వేసుకున్నాను.

విరుదునగర్‌లో ఆ ఇంటి ముందు నిలబడి ఎలా పిలవాలా అని తమిళం కూడగట్టుకుంటుంటే, లోపల ఒక ముసలావిడ మేకను తెలుగులో తిడుతోంది. ఆ తిట్లు అచ్చం మా అమ్మ తిట్లే. మనోళ్ళే అని మా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ, పిల్లకు అవ్వ, బయటికి వచ్చి పళ్ళెం చూసింది, పూలు చూసింది, నా చొక్కా చూసింది. చాప వేసి కూర్చోబెట్టి మా ఇంటిపేరు అడిగింది. చెప్పాం. మామ ఇంటిపేరూ అడిగింది. అదీ చెప్పాం. వేళ్ళు ముడిచి ఏదో లెక్క వేసుకుని, వరస కుదురుతుందని సంబరపడింది. చుట్టరికం కలిసినందుకు మేమూ సంబరపడ్డాం. ఇంత కంటే దద్దమ్మలు ఉంటారా?

అప్పుడైనా వచ్చిన పని చెప్పొచ్చు కదా. కాఫీ తాగకుండా పని ఎత్తడం మర్యాద కాదట, తాత మోకాలితో నన్ను పొడిచాడు. ఈలోగా పిల్ల తండ్రి పనిలోంచి పరుగున వచ్చాడు. పక్కింటివాళ్ళు కిటికీలో చేరారు. మామ ఎందుకైనా మంచిదని అందరికీ నమస్కారం పెడుతున్నాడు.

అప్పుడు పిల్ల చీర కట్టుకుని కాఫీ పళ్ళెంతో గుమ్మం దాటింది, తల వంచుకుని. సిగ్గుతో కాదు, గుమ్మం తగలకుండా. దాటాక కూడా తల ఎత్తలేదు. అవ్వ పక్కకు జరిగి, "రవ్వంత వంగి నిలబడే," అని గొణిగింది. పిల్ల మోకాళ్ళు మడిచి ఇంకాస్త కుంగింది.

తాతకు ప్రాణం ఉసూరుమంది. బస్సులో చూసిన ఎత్తేమైపోయిందో ఆయనకు అంతుపట్టలేదు.

"వంగినావెందుకమ్మా? నిటారుగా నిలబడు, మేము చూడాల."

పిల్ల అవ్వ వైపు చూసి, మెల్లిగా లేచి పూర్తిగా నిలబడింది. ఆహా అని మేం ముగ్గురం ఒకేసారి అనేశాం. అంత ఎత్తు! అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ ఊపులో తాత, పిల్ల బాగా ఎగరగలదా అని తండ్రిని అడిగాడు. తండ్రి ముఖం మాడిపోయింది.

పిల్ల మా ముఖాలకేసి చూసి ఫక్కున నవ్వింది. వీళ్ళు పెళ్ళివాళ్ళు కాదు, కోవిల్‌పట్టిలో మ్యాచ్ జరిగితే గోడ మీద కూర్చుని కేకలేసే వాళ్ళు, ఈ అన్నే రెఫరీని తిట్టేది అని తండ్రికి చెప్పింది. నాకు చాప కింద దూరాలనిపించింది. మామ తడబడుతూ అసలు సంగతి చెప్పాడు: పీజీ సీటు, హాస్టలు, రెండేళ్ళ ఆట. కిటికీలో నవ్వులు మొదలయ్యాయి. అవ్వ చీపురు ఎక్కడుందో నేను కళ్ళతో వెతికాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే ఈ పొట్టోడు పెళ్ళికొడుకు కాదా? సామి కాపాడినాడు."

తర్వాత పళ్ళెం తన వైపు లాక్కుంది.

"ఇన్నాళ్ళూ వచ్చినోళ్ళు కాఫీ తాగి, దీన్ని కింద నుంచి మీదికి చూసి పోయినారు. మళ్ళా రాలే. నిలబడమని అడిగింది మీరే నాయనా. పిల్ల వస్తాది."

చేరతానని పిల్ల అంది. తండ్రి తలూపాడు.

ఇంటికొచ్చి చెప్తే చెల్లి ఒక పూటంతా నవ్వింది. ఆటగత్తెను అడగడానికి మల్లెపూలు ఎవరు తీసుకెళ్తారని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

మొదటి మ్యాచ్‌కు అవ్వ బస్సెక్కి కోవిల్‌పట్టి వచ్చింది. గోడ మీద నాకూ తాతకూ మధ్య కూర్చుంది. ఆట సమంగా ఉంది, సమయం అయిపోవచ్చింది. చెల్లి బంతి పైకి విసిరింది. బుట్ట కింద పొడుగుపిల్ల, పాత అలవాటో ఏమో, మెడ వంచి నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపే అవ్వ లేచి నిలబడింది. ఆ కేకకు రెఫరీ కూడా తిరిగి చూశాడు.

"వంగబాకే తల్లీ! నిలబడు!"

పిల్ల నిలబడింది. బంతి అందుకుని బుట్టలో వేసింది. ఆ రాత్రి మా చెల్లి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.