వరండా చివరి గది

నేను నర్సుగా ఉన్న ప్రభుత్వ దవాఖానలో సోమవారం గర్భిణులకు పరీక్షలు చేస్తాం, పిల్లలు కాకుండా మాత్రలూ ఇస్తాం. నానక్‌రామ్‌గూడ ఐటీ టవర్లలో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు షిఫ్టు దిగి, ఒకే షేర్ ఆటోలో వచ్చి, ఒకే బెంచీ మీద కూర్చుంటారు. హెచ్ఐవీ కౌన్సెలర్ మాత్రం వరండా చివరి గదిలో ఉండేది. గోప్యత కోసమట! బెంచీ ముందు నుంచి నడిస్తే తప్ప ఆ గదికి దారి లేదు. ఈ గోప్యత కనిపెట్టిన మహానుభావుడు ఒక్కసారి చీర కట్టుకుని ఆ వరండాలో నడవాల్సింది.

ఆ రోజు వచ్చిన అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఐదో నెల. రక్తపరీక్షలో హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. తలుపు వేసి మెల్లగా చెప్పాను. వెంటనే మందులు మొదలుపెడితే బిడ్డకు సోకకుండా కాపాడుకోవచ్చనీ చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. మందుల కోసం చివరి గదికి వెళ్లమంటే తలుపు దగ్గరే ఆగిపోయింది.

"గా గదిలకు నేను పోను సిస్టర్. మా సూపర్‌వైజరక్క గీడనే కూసుంది. రేపటికల్లా బస్తీ మొత్తం తెలుస్తది."

మూడు వారాలు రాలేదు. రిజిస్టర్‌లో ఆమె పేరుకెదురుగా 'సహకరించలేదు' అని రాశారు. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మరుసటి సోమవారం కౌన్సెలర్ కుర్చీ నేనే ఎత్తుకొచ్చి నా బల్ల పక్కన వేశాను. ఆవిడ సంతోషంగానే వచ్చింది, పాపం, ఆ గదిలో ఈగలు తోలుకుంటోంది. బీపీ, రక్తపరీక్ష, మాత్రలు, హెచ్ఐవీ, అన్నీ ఒకే గదిలో. తలుపు వేసి ఒక్కొక్కరినే పిలిచాం. ఎవరికీ అనుమానం రాకుండా అందరినీ ఒకేంత సేపు కూర్చోబెట్టాం. అమ్మాయికి ఫోన్ చేసి, "బీపీ చూడాలి, రామ్మా. ఇంకో గదికి పంపను" అన్నాను.

వచ్చింది. మా డాక్టరమ్మ ఆ గదికే వచ్చి మందులు మొదలుపెట్టింది. అమ్మాయి బయటికి వెళ్లగానే సూపర్‌వైజరక్క గొంతు వినిపించింది.

"ఏందే, గింతసేపు?"

"అందరికీ గింతనే గదక్కా."

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా గది మార్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

"క్షమించమని ఒక్క ముక్క రాసేయండి మేడమ్, అయిపోతుంది" అన్నాడు మా గుమస్తా.

తెల్లకాగితం తీసుకున్నాను. 'ఐదో నెల గర్భిణికి మూడు వారాలు మందు అందలేదు. దానికి సంజాయిషీ ఎవరు ఇస్తారో తెలియజేయగలరు' అని రాసి, కింద సంతకం పెట్టాను.