బతికున్న మనిషి ఫొటోకి దండ

డబ్లిన్ నడిబొడ్డున, మహామహుల చిత్రాలు వేలాడే గ్యాలరీలో నా ఫొటో పెట్టారు. యూరప్ నలుమూలల నుంచి వచ్చిన జనం దాని ముందు నోరెళ్లబెట్టి నిలబడ్డారు. ఈ మాట మా చర్చిలో చెప్పాను, గుంటూరులో ఉన్న తమ్ముడికి ఫోన్లో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ గ్యాలరీ ఇంకాస్త పెద్దదయ్యేది.

డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో మేముంటున్న మా అమ్మాయి ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పోర్చుగల్ పిల్ల అద్దెకుంటుంది. ఫొటోలు తీయడం ఆమె పని. సొంతూరు వదిలొచ్చినవాళ్లు ఏం గుర్తుంచుకుంటారు, ఎవరిని పట్టుకుని బతుకుతారు, ఇదీ ఆమె వెతుకులాట. ఇంటింటికీ వెళ్లి, టీ తాగి, బోలెడు కబుర్లు చెప్పించుకుని, అంతా అయ్యాక ఎప్పుడో ఒక ఫొటో తీస్తుంది.

మా ఇంటికొచ్చినప్పుడు గోడ మీద మా అమ్మ ఫొటో, దానికి వేసిన గంధపుచెక్క దండ చూసి, "ఈ దండ ఎందుకు?" అనడిగింది.

చనిపోయింది కాబట్టి అంటే సరిపోయేది. కానీ కొత్త మనిషి, చెవులప్పగించి వింటోంది. నా నాలుక ఊరుకుంటుందా?

"ఇంతకు మించిన గౌరవం మా వైపు లేదమ్మా. ఇల్లు నిలబెట్టిన మనిషికే వేస్తాం. రాజులక్కూడా తేలిగ్గా దక్కదు" అన్నాను.

"ఆ పిల్లకేం ఎక్కిస్తున్నారండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"మన సంస్కృతి" అన్నాను.

ఆ రోజు ఆమె తీసింది మా ఆవిడ ఫొటో. కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చూపు మాత్రం బల్ల మీది ఫోన్ మీద. ఆమె రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం రాగానే ఫోన్ చేస్తామన్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. ఫోన్ మోగితే చాలు, తడి లేకపోయినా చేతులు కొంగుకి తుడుచుకుని మరీ తీసేది.

మధ్యలో నన్ను పిలిచి అల్మారాలు చూపించేది. అల్మారాని ప్రెస్ అనడం ఇక్కడ నేర్చుకుంది. "పప్పులు ఈ ప్రెస్‌లో. మీ మాత్రలు ఆ ప్రెస్‌లో. చూస్తున్నారా?"

నేను చూసేవాణ్ణి కాదు.

చివరికి శుక్రవారం ఫోనొచ్చింది. సోమవారం రండి, తోడుగా ఎవరినైనా తెచ్చుకోండి అన్నారు. ఇక్కడివాళ్లు బాగుందనడానికి ప్రతిదానికీ గ్రాండ్ అంటారు కదా, ఆ నర్సు మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట అనలేదట. మా ఆవిడని భయపెట్టింది అదే.

మధ్యలో శనివారం ఆ పోర్చుగల్ పిల్ల ఫొటోల ప్రదర్శన. నేను ముందే వెళ్లాను. అబద్ధమెందుకు, అది గ్యాలరీ కాదు. ఊరి చివర సిటీవెస్ట్‌లో అపార్ట్‌మెంట్ల కింద, పిల్లల పుట్టినరోజులు చేసుకునే హాలు. నా ఫొటో అన్నానే, అందులో నాది మోచెయ్యి ఒక్కటే పడింది. మిగతాదంతా మా ఆవిడే.

లోపలికెళ్లి చూశాను. నల్ల చెక్క ఫ్రేములో మా ఆవిడ. ఆ ఫ్రేముకి తెల్ల చేమంతుల దండ.

"మీరు చెప్పినట్టే! నేనే గుచ్చాను" అంది పోర్చుగల్ పిల్ల. ముఖం వెలిగిపోతోంది.

అంతలో మా అమ్మాయి ఫోన్. "నాన్నా, కారు పెట్టేశాం. అమ్మ ముందు నడుస్తోంది."

"తీసెయ్యమ్మా, తొందరగా తీసెయ్" అన్నాను.

"ఏం, చిన్నదైందా?"

"కాదు. అది చచ్చిపోయినవాళ్లకే వేస్తాం."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "ఆ మాట మీరు చెప్పలేదు."

"చెప్పలేదు."

కుర్చీ లాక్కుని ఎక్కాను. దండని మేకుకి సన్నటి తీగతో బిగించి కట్టింది. ముడి అందడం లేదు. బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు. అది ఎవరి నడకో నాకు తెలుసు. ఒక్క గుంజు గుంజాను. దండ ఊడి చేతికొచ్చింది. కోటులో కుక్కుకుని, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ ఎదురెళ్లాను. మా ఆవిడ ఫొటో చూసుకుని "బాగానే ఉన్నానే" అంది. అలా కాపాడుకున్నాను ఆమెని.

ఇంతవరకు రాసి ఆమెకే చదివి వినిపించాను. గ్యాలరీ సంగతి ఒప్పేసుకున్నాను కదా, మిగతాది నమ్ముతుందిలే అనుకున్నాను. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది.

"ఆపండిక. కుర్చీ ఎక్కారు, నిజమే. దిగలేకపోయారు. గుమ్మంలోంచే చూశాను నేను. దండ తీసిందీ నేనే, మిమ్మల్ని దింపిందీ నేనే. ఆ పిల్ల ఏడుస్తుంటే పూలు బావున్నాయమ్మా అని తుంచి తన జుట్టులో కొన్ని, నా కొప్పులో కొన్ని పెట్టాను. సోమవారం వాడిపోయినా అవే పెట్టుకుని ఆస్పత్రికెళ్లాను. ఏమీ లేదని డాక్టర్ చెప్పాక గదిలో భోరుమన్నది మీరు. అది రాయండి."