ఇంటాయన నంబరుకే వచ్చే వరద

ఆ రోజు వరంగల్ బస్టాండులో కురిసిన వానకు కప్పలు కూడా గొడుగులు వెతుక్కున్నాయి. తొర్రూరు బస్సు కోసం అందరం నిలబడ్డాం, ఒకావిడ తప్ప. బెంచీకీ గేటుకూ మధ్య ఆమె తిరిగిన తిరుగుడు తిన్నగా వేస్తే తిరుపతి చేరేది.

చివరికి నా ముందు ఆగింది. "అన్నా, వాగు పొంగుతాందని నీ ఫోన్‌ల మెసేజ్ వచ్చిందా, జర చూడు. ఆ మెసేజ్‌లు పంపెతందుకు సార్లు మా ఊర్ల ఇంటాయన నంబర్లే రాసుకున్నరు. మా ఆయనేమో లారీ మీద నాగపూర్ పోయిండు, ఫోన్ కలుస్తలేదు. ఇంట్ల అత్తమ్మ ఒక్కతే ఉన్నది, నడువలేదు."

వచ్చింది, పొద్దున్నే. వాగు పొంగుతోంది, లోతట్టు ఇళ్లు ఖాళీ చేయాలని చదివి వినిపించాను.

ఆమె తన చిన్న ఫోను తీసి పక్కింటామెకు చేసింది. "రాజక్కా, అత్తమ్మను మంచంతోనే లేపి బడికి తీస్కపోండ్రి! మగోళ్లు వచ్చెదాక చూడకుండ్రి!" అవతల "లేపుతాన్నం" అన్నాకే బెంచీ మీద కూలబడింది.

"మరి మీ ఇంట్ల చెప్పినవా అన్నా?" అంది.

ఆ మెసేజ్‌ను పదకొండు గ్రూపులకు పంపి, దేశాన్ని గట్టెక్కించిన వీరుడిలా చాయ్ తాగినవాణ్ణి నేను. మా ఆవిడ ఏ గ్రూపులోనూ లేదు. మా ఇల్లు చెరువు కింది కాలనీలో ఉంది. గబగబా ఫోన్ చేసి వరదొస్తోందని చెప్పాను.

"నీళ్లు వాకిట్లకొచ్చి గంటైతాంది. బియ్యం డబ్బా మంచమెక్కించిన," అంది మా ఆవిడ. "గని, నీకెవ్వరు చెప్పిన్రు?"