పక్కకు తప్పుకున్న నిమ్మకాయ

మా తమ్ముడు దేవరాజ్‌ది కె.ఆర్.పురంలో బండి చక్రాలు సరిచేసే, అదే వీల్ అలైన్‌మెంట్ చేసే షెడ్డు. చుట్టుపక్కల అందరూ కంప్యూటర్లు పెట్టుకున్నా వీడు దారం వదలలేదు. బండికి రెండు పక్కలా దారం లాగి కట్టి, చక్రం ఎటు తిరిగి ఉందో చూసి సరిచేస్తాడు. పని నేర్పిన పెద్దమునియప్ప ఎప్పుడో పోయాడు, ఆయన పొగరు మాత్రం వీడి దగ్గర మిగిలింది. పెళ్ళాం పోయిన వాడికి అన్నం వండి పెట్టేది అక్కను నేనే. కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

పని అయ్యాక వాడికో పద్ధతి ఉంది. ముందు చక్రాలకు నేరుగా, కాస్త దూరంలో చెరో నిమ్మకాయ పెడతాడు. స్టీరింగు వదిలేసి బండిని మెల్లగా పోనిస్తాడు. రెండూ నలిగితే దిష్టీ పోయినట్టు, పనీ కుదిరినట్టు. ఇంకో పట్టుదల కూడా ఉంది. రాహుకాలంలో ఏ బండినీ షెడ్డు దాటనివ్వడు.

ఆ శుక్రవారం పొద్దున హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి గిరిధర్ అనే అబ్బాయి పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రది, ఇద్దరికే చోటు, ఎక్కితే నేలమీద పీట వేసుకుని కూర్చున్నట్టే. పక్కన భార్య అర్పిత, కడుపుతో ఉంది. కురుడుమలె వినాయకుడి దగ్గర బండికి పూజ చేయించి, ముళబాగిల్లో ఆమె పుట్టింటికి పోవాలని బయలుదేరారు.

"అన్నా, స్పీడు పోతే పక్కకు లాగుతా ఉండాది. హైవేలో భయమైతాది" అన్నాడు గిరిధర్.

"నా దారం చూసుకుంటాదిలేప్పా" అన్నాడు మావాడు.

నేను ఊరుకోలేదు. "మీ ఆయనకు బస్సు దొరకలేదా తల్లీ?"

"ఈయనకు నాకన్నా ఇదే ముద్దు అవ్వా" అని నవ్విందా పిల్ల.

రాహుకాలం దగ్గర పడేకొద్దీ తమ్ముడి చేతులు తొందరపడ్డాయి. దారం విప్పాడు, నిమ్మకాయలు పెట్టాడు, బండి కదిలించాడు. ఎడమ పక్కది నలిగింది. కుడి పక్కది టైరు గీరుకుని పక్కకు దొర్లింది.

"దిష్టి గట్టిగా ఉండాది" అని కాలితో దాన్ని చక్రం కిందికి తోశాడు. అదీ నలిగింది.

"రేయ్, నిమ్మకాయ తప్పుకోలేదు. బండి తప్పుకునింది. ఇంకోసారి చూడు."

"నువ్వు ఊరుకో అక్కా. రాహుకాలం వచ్చేస్తాది."

వాళ్ళు వెళ్ళిపోయారు. మలుపులో టైరు కీచుమంది. దారం చుట్టుకుంటూ మావాడు గోడ వైపు చూశాడు. స్టీరింగు కడ్డీ నట్టును ఆఖరున బిగించే స్పానరు మేకుకు వేలాడుతోంది. పొద్దున నేను తుడిచిపెట్టినట్టే ఉంది, గ్రీసు మరక లేదు. అంటే వాడు దాన్ని ముట్టనే లేదు. చేతిలో దారం వదిలేసి స్కూటర్ ఎక్కాడు.

నేను గడపలో నిలబడ్డాను. వాళ్ళు పోయిన దారిలో వంతెన వైపు హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఎక్కడ ఏ హారను పెద్దగా వినబడినా ఎర్ర బండే అనిపించింది.

ట్రాఫిక్ జామ్‌లో గిరిధర్ వాళ్ళు వంతెన దగ్గరే ఆగిపోయారట, మావాడు అక్కడే అందుకున్నాడు. బండిని నడకలా మెల్లగా వెనక్కి తెచ్చారు. రాహుకాలం నడుస్తుండగానే మావాడు బండి కిందికి దూరాడు. కుడి పక్క నట్టు వేళ్ళతోనే తిరిగిపోయేటంత వదులుగా ఉంది. అర్పిత నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు నవ్వలేదు.

మళ్ళీ దారం కట్టాడు, బిగించాడు. ఈసారి రెండు నిమ్మకాయలూ నలిగాయి. రాహుకాలం దాటాకే వదిలిపెట్టాడు.

సాయంత్రం అన్నం కలుపుతూ వాడు ఆగిపోయాడు.

"అక్కా, రెండో పక్క నట్టు బిగించినానా?"

"నన్నడిగితే? కింద దూరింది నువ్వు."

ఎంగిలి చేత్తోనే ఫోను చేశాడు. చాలాసేపు మోగింది. చివరికి గిరిధర్ ఎత్తాడు. పూజ అయింది, అత్తారింటికి చేరాము, బండి గీత గీసినట్టు వచ్చింది అన్నాడు.

"విన్నావు కదా, ఇంక తిను" అన్నాను.

"రేపు అదే రోడ్డులో వెనక్కి వస్తారు కదక్కా."

మళ్ళీ ఫోను చేసి, తాను వచ్చేదాకా బండి తియ్యొద్దని చెప్పాడు. కంచం పక్కకు జరిపి, స్పానరు తీసుకొచ్చి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లవారకముందే ముళబాగిలు బస్సు ఎక్కాడు. నేను షెడ్డు తెరవలేదు, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.