అక్క తెచ్చిన పగులు ముక్కలు

అక్క పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను మరిపెడ బడిలో పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. ఏడుపొచ్చింది. దాని వెనకాలే, ఇక ఊరు ఊరంతా అక్క గురించే మాట్లాడుతుందన్న ఉక్రోషమూ వచ్చింది. మీరేమైనా అనుకోండి, చచ్చిపోయిన మనిషి మీద కూడా కుళ్లుకోవచ్చు.

అక్క హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేసేది. అంతరిక్షం నుంచి నౌక దిగేటప్పుడు దాని ముక్కు, రెక్కల అంచులు ఇనుము కరిగేంత కాలుతాయి. అక్కడ పెట్టడానికి పింగాణీ జాతి నల్లటి బిళ్లలు కావాలి. జిర్కోనియం, బోరాన్ కలిసిన పొడిని విపరీతమైన వేడిలో అదిమి ఆ బిళ్లలు చేయడమే ఆమె పని. బాపుకు మాత్రం ఒక్క మాటలో చెప్పింది. "పోవుడు అల్కనే బాపూ, తిరిగొచ్చుడే కష్టం."

బాపు పత్తి అమ్మడానికి కేసముద్రం పోయినా ఆ మాట హమాలీలకు వినిపించి వచ్చేవాడు. ఇన్నేళ్లుగా నేను చెప్పే పాఠాల్లోంచి ఒక్క ముక్కయినా ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను చదివిందీ కెమిస్ట్రీయే. అక్క రాసిన పరీక్షే నేనూ రాశాను. ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు.

సెలవులకు అక్క మా ఊరు నర్సింహులపేట వచ్చినప్పుడు అమ్మకు చీర తెచ్చేది, బాపుకు తువ్వాల. నాకేమో, మంటలో పరీక్షిస్తే పగిలిన బిళ్లలు! అన్నాలయ్యాక భూతద్దం చేతికిచ్చి, తను చాయ్ ఊదుకుంటూ కూర్చునేది. అంత మంటతో పనిచేసే మనిషి, చాయ్ మాత్రం చల్లారితే గాని తాగేది కాదు.

"ఎక్కడ విరిగిందో అందరు చూస్తరు చెల్లె. ఎక్కడ మొదలైందో నువ్వు చెప్పు."

నేను వెతికేదాన్ని. విరిగిన చోట సన్నటి గీతలుంటాయి. వాటిని పట్టుకుని వెనక్కి పోతే అన్నీ ఒక్క దగ్గర కలుస్తాయి. పొడి సరిగా అదమని చోట సూదిమొనంత బొక్క కనిపిస్తుంది. చూపిస్తే "ఆ, గదే" అనేది. అంతకు మించి మెప్పు లేదు. నాకు ఒళ్లు మండేది.

"మంచిది ఒక్కటన్న తేవచ్చు గద అక్కా?"

"మంచిదాంట్ల చదువుటానికి ఏముంటది?" అని నవ్వేది.

ఆ మంచివన్నీ ఆమె దగ్గర పనిచేసే పిల్లలకు దక్కుతున్నాయని వాళ్ల మీదా ఏడ్చాను.

అక్క పోయిన మూడో నాడు పిట్టకు పెట్టాం. విస్తట్లో సర్వపిండి, కోడికూర, పక్కన చల్లారిన చాయ్. కాకి వేపచెట్టు మీద కూర్చుంది గాని దిగదు. పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలితే పిట్ట ముట్టదని మావాళ్ల నమ్మకం. "మన బిడ్డను మంచిగ చూసుకుంట" అన్నాడు బావ. దిగలేదు. "నా రంది పెట్టుకోకు బిడ్డా" అన్నాడు బాపు. దిగలేదు.

అక్క దగ్గర పనిచేసిన అమ్మాయి నా పక్కన నిలబడి ఉంది. మెల్లగా అంది. "పగిలినయన్ని మేడం మీకోసమే తీసిపెడుతుండె. మొదలు మా చెల్లె చూడాలె అంటుండె. మీరంటే మాకు మస్తు కుళ్లుండె అక్కా."

నాకు దుఃఖం, కోపం ఒక్కసారే పొంగాయి. అందరి ముందూ గట్టిగానే అన్నాను.

"పోవుడు అల్కనే అంటివి, పోయినవు. ఇగ పగిలినయి నాకెవరు తెస్తరే అక్కా?"

కాకి దిగింది. సర్వపిండి ముక్క నోట కరుచుకుంది. అందరూ దాన్నే చూస్తున్నారు. బాపు మాత్రం నన్ను చూస్తున్నాడు.