తడి గోనెలో రెండు నాచులు

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో తడి గోనె మూట ఉంది. ఆ నీళ్లు నా కొత్త చీరకు తగులుతాయని ఒదిగి కూర్చున్నాను.

“ఏటే అది, కంపు?”

“సముద్రంలో మేం పెంచే నాచు పిన్నీ, తింటారు. ఇత్తనానికి అట్టుకెల్తన్నాను.” మూట విప్పి రెండు గుత్తులు చూపించింది. “రెండూ మా ఊరివే. ఒకే తాడుకి కట్టినా దీని కొమ్మ సన్నమే, దాని కొమ్మ లావే. జాతి గునం. లావుది మాకీ గుత్తొక్కటే మిగిలింది.”

“నాచుకి జాతేటే!” అని నవ్వి, కండక్టరుతో చెప్పి మూటని ముందు ఇంజను పక్కన పెట్టించాను. “ఏడి తగులుతాది పిన్నీ” అని ఆమె అంటూనే ఉంది.

దిగేముందు మూట విప్పి చూసుకుంది. సన్నది బాగానే ఉంది. లావుది తెల్లబడి, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయింది.

“ఇంక సన్నదే ఏసుకోవాల” అని తనలో తనే అనుకుంది. మూట మళ్లీ కట్టుకుంది.

మా ఇంట్లో ముల్లున్న వంగ విత్తనం ఒక గుడ్డలో, ముల్లు లేనిది ఇంకో గుడ్డలో, జాతులు కలవకుండా నేనే కట్టి దాస్తాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

చీర మీద మాత్రం ఒక్క చుక్కైనా పడలేదు.