మాకు కుక్క లేదు

“మేడమ్, మీ కుక్కకు బెల్టు లేదు. పిల్లలతోని లోపలికొచ్చింది, జర చూసుకోండ్రి,” అన్నాడు ఇంటర్‌కమ్‌లో సెక్యూరిటీ యాదగిరి. మాకు కుక్క లేదు. పైగా పిల్లలు గేటు లోపల పార్కులో ఆడుకుంటున్నారనే అనుకుంటున్నాను.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పిల్లలకు దిష్టి తీయమని అత్తగారంటే నవ్వేసే మనిషిని. నా భయాలన్నీ ఉన్నవాటి గురించే. జ్వరాలు, లిఫ్టు తలుపులు, మా తెల్లాపూర్ రోడ్ల మీద గుంపులుగా తిరిగే వీధికుక్కలు.

ఆ సాయంత్రం బాల్కనీలో నవల చదువుతున్నాను. పున్నమి రాత్రి మనుషులు తోడేళ్లుగా మారే కథ. భయపెట్టేది కాదు. ఆ తోడేళ్లకీ ఇంటి లోన్లు, విడాకులు, స్కూల్లో పేరెంట్స్ మీటింగులు ఉంటాయి. అందులో ఒక తల్లి తన సంగతి భర్తకు కూడా చెప్పుకోలేదు. పున్నమి దగ్గరపడితే సెలవు కోసం ఆఫీసులో ఆమె చెప్పే సాకులకు ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. మావారిది నైట్ షిఫ్ట్. ఆయన లేచేసరికి నేను వంటింట్లో, నేను పడుకునేసరికి ఆయన ఆఫీసులో. కొన్నాళ్లుగా నాకు తోడు ఆ పుస్తకమే.

ఇంటర్‌కమ్ పెట్టేసి తలుపు తీసేసరికి మా అంతస్తులో లిఫ్టు ఆగింది. ఏడేళ్ల హాసిని, నాలుగేళ్ల చిన్ను. ఇద్దరే.

“ఐస్‌క్రీమ్ బండి కోసం బయటికెళ్లాం. కుక్కలు చుట్టుముట్టాయి. నువ్వొచ్చావుగా,” అంది హాసిని.

“నేనా?”

“ఏంటమ్మా నువ్వు! అంత పిలిచినా ఒక్క మాటైనా మాట్లాడలేదు.”

“నీ మెడ పట్టుకుని నడిచా,” అన్నాడు చిన్ను గొప్పగా. నా మెడ వాడికి అందదు.

ఇద్దరినీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను.

“దూడంత ఉంది మేడమ్. పిల్లలు ‘అమ్మా, అమ్మా’ అంటుంటే దాని పేరే గదేమో అనుకున్న. ఈడ కుక్కలకు ఏం పేర్లు పెడ్తరో ఎవలకెరుక!” అన్నాడు యాదగిరి.

“మరి లోపలికెలా రానిచ్చారు?”

“వీధికుక్కైతే కట్టెతోని ఎల్లగొడ్త. ఓనర్ల కుక్కను ముడితే నా నౌకరి పోతది.”

బ్లాకులన్నీ వెతికారు. ఏ కుక్కా లేదు. గేటు కెమెరాలో కారు లైట్ల వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు.

మావారికి ఫోన్ చేస్తే నవ్వారు. “ఎవరో పెంచుకునే కుక్కే అయ్యుంటుంది. నువ్వు ముందు ఆ పుస్తకం మూసెయ్.”

కుక్కే అయ్యుండొచ్చు. మరి పిల్లలిద్దరికీ నేనెలా కనిపించాను? ఆ సమయంలో నేను కుర్చీలోంచి లేవలేదు. లేవలేదనే నా నమ్మకం. ఆ పేజీల్లో ఏం చదివానో మాత్రం గుర్తులేదు. దీనికి అర్థమేమిటో ఇది రాస్తున్న ఈ రోజుకీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున హాసినికి జడ వేస్తూ పిల్లలకు గట్టిగా చెప్పాను. “గేటు దాటకండి. నేనొచ్చినా సరే, నోరు తెరిచి మాట్లాడేదాకా నా దగ్గరికి రావద్దు.”

“మళ్లీ కుక్కలొస్తే?” అన్నాడు చిన్ను.

జడకు రిబ్బను ముడేసి అన్నాను.

“అప్పుడు మాత్రం నిన్నటిలాగే గట్టిగా పిలవండి. ఏ అమ్మ వస్తే ఆ అమ్మతో వచ్చేయండి.”